పరిగె ఏరుకునే ముగ్గురిని చూసి పారిస్ ఎందుకు ఉలిక్కిపడింది?

ఈ బొమ్మ మీరు ఎక్కడో చూసే ఉంటారు. పేరు గుర్తుండకపోవచ్చు, ఎవరు గీశారో తెలియకపోవచ్చు, కానీ కోసేసిన గోధుమ చేలో ముగ్గురు ఆడవాళ్ళు వంగి ఏదో ఏరుకుంటుంటారు, వాళ్ళ వెనకాల దూరంగా సాయంత్రపు ఎండలో కుప్పలు బంగారంలా మెరుస్తుంటాయి. పాత క్యాలెండర్ల మీద, జిగ్‌సా పజిల్ డబ్బాల మీద, హోటల్ గదుల గోడల మీద తెగ కనిపిస్తుంది. నేను మొదటిసారి చూసింది ఒక క్లినిక్కులో. మా నంబరు వచ్చేసరికి గంటన్నర పట్టింది, అంతసేపూ ఎదురుగా ఇదే బొమ్మ. పల్లెటూరు, పొద్దువాలే వేళ, ఎంత హాయిగా ఉందో అనుకుంటున్నా. పక్కన కూర్చున్న మా అమ్మమ్మ కళ్ళజోడు సర్దుకుని ఒకసారి చూసి, "పరిగె ఏరుతున్నారు, పాపం" అంది. అంతే, మళ్ళీ తన మందుల చీటీలో పడిపోయింది.

నాకు కనిపించిన హాయి, ఆవిడకి కనిపించిన పాపం, రెండూ ఆ బొమ్మలోనే ఉన్నాయి. విచిత్రం ఏంటంటే 1857లో ఈ బొమ్మని పారిస్‌లో మొదటిసారి పెట్టినప్పుడు కొందరికి ఈ రెండూ కాకుండా మూడోది కనిపించింది: భయం. వంగి గింజలు ఏరుకునే ముగ్గురు పేదరాళ్ళని చూసి భయపడటం ఏంటి అనేదే ఇక్కడ విప్పాల్సిన ముడి.

బొమ్మ పేరు 'లె గ్లానూజ్', అంటే పరిగె ఏరుకునే ఆడవాళ్ళు. గీసినవాడు ఝాన్ ఫ్రాంస్వా మిలే. 1814లో నార్మండీ సముద్రతీరంలో గ్రూషీ అనే చిన్న పల్లెలో రైతు కుటుంబంలో పుట్టాడు, చిన్నప్పుడు పొలం పనులు చేశాడు, తర్వాత పారిస్ వెళ్ళి బొమ్మలు నేర్చుకున్నాడు. 1849లో పారిస్‌లో కలరా వస్తే పెళ్ళాం పిల్లల్ని తీసుకుని ఫాంటెన్‌బ్లో అడవి అంచున బార్బిజాన్ అనే ఊరికి వెళ్ళిపోయి, 1875లో చనిపోయేదాకా అక్కడే ఉండిపోయాడు. ఈ బొమ్మలోని పొలం ఆ ఊరి పక్కనున్న షాయీ మైదానం. కాన్వాసు ఏమంత పెద్దది కాదు, సుమారు 84 సెంటీమీటర్ల ఎత్తు, 110 వెడల్పు. ఇప్పుడు పారిస్‌లో ఓర్సే మ్యూజియంలో ఉంది.

ముందు పరిగె సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే ఇంగ్లీషులో ఈ బొమ్మ గురించి చదివేవాళ్ళకి ఈ పనేంటో విడమరిచి చెప్పాలి గానీ, మనకి మాట సిద్ధంగా ఉంది. కోత కోసి, పనలు కట్టి, కుప్ప వేసేశాక చేలో రాలిన వెన్నులూ కంకులూ ఏరుకోవడమే పరిగె. చేను ఎవరిదైనా సరే, పరిగె మాత్రం లేనివాళ్ళది. తెలుగు బైబిల్లో రూతు బోయజు పొలంలో ఏరుకున్నది కూడా పరిగెనే. యూరప్ పల్లెల్లో ఈ ఆనవాయితీకి ఆ లేఖనాల బలం కూడా ఉండేది, కోత కోసేటప్పుడు రాలినదాన్ని పేదలకీ పరదేశులకీ వదిలెయ్యమని అందులో స్పష్టంగా ఉంది కదా.

ఫ్రాన్స్‌లో అది ఉత్త ఆనవాయితీ కూడా కాదు, చట్టం. 1554లో రెండో హెన్రీ రాజు శాసనంతో ముసలివాళ్ళు, అవిటివాళ్ళు, చిన్నపిల్లలు, ఏ ఆధారమూ లేనివాళ్ళు కోతల వెనక పరిగె ఏరుకోవచ్చని ఒప్పుకున్నారు. అయితే ఇచ్చిన చేత్తోనే పగ్గాలూ వేశారు. 1810 నాటి శిక్షాస్మృతి ప్రకారం పంట పూర్తిగా ఎత్తేయకముందు చేలో అడుగుపెట్టినా, పొద్దు పొడవకముందు గానీ పొద్దు గూకాక గానీ ఏరినా జరిమానా. అంటే ఆ ముగ్గురు ఆడవాళ్ళకీ టైము హద్దు ఉంది. బొమ్మలో ఎండ ఏటవాలుగా పడుతోంది చూడండి, మనకి అది అందమైన సాయంత్రం, వాళ్ళకి అయిపోతున్న గడువు.

ఇప్పుడు బొమ్మని కాస్త దగ్గరగా చూద్దాం.

ఎడమవైపు ఆమె నీలం గుడ్డ తలకి కట్టుకుంది. పూర్తిగా వంగిపోయి ఒక చేత్తో నేల మీద వెతుకుతూ, ఇంకో చేతిని నడుం మీదకి తిప్పి పెట్టుకుంది, ఆ చేతిలో ఏరిన కంకుల కట్ట. పొలం పని ఒక్కరోజు చేసినవాళ్ళకైనా ఆ చెయ్యి అక్కడికి ఎందుకు వెళ్ళిందో చెప్పక్కర్లేదు. మధ్యలో ఎర్ర గుడ్డ కట్టుకున్నామె వేళ్ళు సరిగ్గా గింజ దగ్గరున్నాయి. కుడివైపు ఆమె సగమే వంగి ఉంది, లేస్తోందో మళ్ళీ వంగబోతోందో తెలీదు. చిత్రమేంటంటే ముగ్గురినీ వరసగా చూస్తే ఒక్క మనిషే చేసే పనిలోని మూడు దశల్లా ఉంటారు: వంగు, ఏరు, లే. మళ్ళీ వంగు. సినిమా ఇంకా పుట్టని రోజుల్లో మిలే ఒకే ఫ్రేములో ఆ పని మొత్తాన్నీ రోజంతా తిప్పుతూనే ఉన్నాడు. ముఖాలు సరిగ్గా కనిపించవు. వీపులు, మెడలు, మోటు చేతులు మాత్రం రాతిలో చెక్కినంత బరువుగా కనిపిస్తాయి, ఎండ కూడా వాటి మీదే పడుతుంది.

వెనక్కి చూపు సారించండి. అక్కడ పండగలా ఉంది. కొండల్లాంటి కుప్పలు, బండి మీదకి పనలెత్తే జనం, చిన్న చిన్న బొమ్మల్లా బోలెడు మంది కూలీలు, అంతా బంగారు దుమ్ములో కలిసిపోయినట్టు. కుడివైపు చివర గుర్రం మీద ఒకడున్నాడు, వేలెడంత కూడా లేడు. బహుశా కామందు మనిషి, కోతల మీద అజమాయిషీకి వచ్చినవాడు. పరిగె ఏరేవాళ్ళు హద్దు దాటకుండా చూడటం కూడా అతని పనే. ఈ ముగ్గురి వైపు తిరిగి చూడట్లేదు, చూడాల్సిన అవసరం కూడా లేదు, అతనక్కడ ఉన్నాడని తెలిస్తే చాలు.

ఇంకొక్కటి గమనించాలి, నాకు ఇది చాలా ఆలస్యంగా తట్టింది. నేలా ఆకాశం కలిసే గీత బొమ్మలో బాగా పైకి ఉంటుంది. వంగిన ఇద్దరూ ఆ గీత కిందే ఉండిపోయారు. మూడో ఆమె తల కూడా దాదాపు ఆ గీత దాకానే. బొమ్మలో అందరికంటే పెద్దగా ఉన్నది వీళ్ళు, అయినా ఆకాశంలోకి తలెత్తే అవకాశం వీళ్ళకి లేదు, నేల వాళ్ళని లోపలికి అదిమి పట్టుకున్నట్టు ఉంటుంది.

సరే, భయం ఎక్కడ? ప్రభుత్వం నడిపే పెద్ద చిత్ర ప్రదర్శన సలోన్‌లో ఇది గోడకెక్కగానే, లె ఫిగారో పత్రికలో ఒక విమర్శకుడు ఈ ముగ్గురి వెనకాల ఆకాశపు అంచున జనం తిరుగుబాటు బల్లేలూ, 93 నాటి తలలు నరికే గిలటిన్ వేదికలూ కనిపిస్తున్నాయని రాశాడు. 93 అంటే 1793, రాజు తల తెగిన ఏడాది. పాల్ ద సేన్ విక్తోర్ అనే మరో విమర్శకుడు వీళ్ళని దారిద్ర్యపు విధి దేవతలు ముగ్గురూ అన్నాడు. గ్రీకు రోమన్ పురాణాల్లో మనిషి ఆయువు అనే దారాన్ని వడికేదొకామె, కొలిచేదొకామె, తెంపేదొకామె ఉంటారు, వాళ్ళతో పోల్చాడన్నమాట. బొమ్మలో కర్ర పట్టుకున్నవాడు కూడా లేడు, కోపంగా చూసిన ముఖం లేదు, అసలు ముఖాలే లేవు. అయినా వాళ్ళకి గిలటిన్ కనిపించింది.

ఇది అర్థం కావాలంటే ఆ తేదీ దగ్గర ఆగాలి. 1857కి ముందు పదేళ్ళలో ఫ్రాన్స్ ఎన్ని పల్టీలు కొట్టిందో. 1848 ఫిబ్రవరిలో విప్లవం, రాజు పారిపోయాడు, ఆస్తితో సంబంధం లేకుండా మగవాళ్ళందరికీ ఓటు వచ్చింది. అప్పట్లో దేశంలో ఎక్కువమంది పల్లెల్లోనే ఉండేవాళ్ళు, అంటే రాత్రికి రాత్రి పారిస్ పెద్దమనుషుల రాత ఎన్నడూ చూడని రైతుల చేతుల్లోకి వెళ్ళిపోయింది. ఆ ఏడాది డిసెంబరు ఎన్నికల్లో రైతులు నెపోలియన్ అన్న పేరు చూసి లూయీ నెపోలియన్‌కి ఓట్లు గుమ్మరించారు. 1851 డిసెంబరులో ఆయన రిపబ్లిక్‌ని కూలదోస్తే, దక్షిణాన, మధ్య ప్రాంతాల్లో పల్లెలకి పల్లెలే ఆయుధాలు పట్టుకుని లేచాయి. సైన్యం అణిచేసింది, వేలమందిని పట్టుకుని చాలామందిని అల్జీరియాకి పంపేశారు. మరుసటి ఏడు ఆయన మూడో నెపోలియన్ చక్రవర్తి అయ్యాడు. కాబట్టి 1857లో సలోన్‌కి వచ్చే పారిస్ ఆసామికి రైతంటే గొర్రెపిల్లని ఎత్తుకున్న అమాయకుడు కాదు, ఆరేళ్ళ కిందట కొడవలి పట్టుకుని రోడ్డెక్కినవాడు. వంగి ఉన్న ఆ ముగ్గురూ ఎప్పుడు నడుం ఎత్తుతారో అన్న టెన్షన్ చూసేవాడి కడుపులోనే ఉంది. మిలే దాన్ని గియ్యాల్సిన పని లేకపోయింది.

చరిత్ర ఒక్కటే అయితే కథ ఇక్కడితో అయిపోయేది. కానీ రైతుల బొమ్మలు అంతకుముందూ వచ్చాయి, ఆ తర్వాతా వచ్చాయి, వాటిని చూసి ఎవరూ జడుసుకోలేదు. మిలే బొమ్మలో మనుషులు నిలబడ్డ చోటులో ఉంది తేడా అంతా.

ఫ్రెంచి చిత్రకళలో కులాల్లాంటి మెట్లు ఉండేవి. పై మెట్టు మీద చరిత్ర, పురాణం, దేవుళ్ళు, వీరులు. ప్రకృతి దృశ్యం ఎక్కడో కింద. చెట్లూ పుట్టలూ గీసేవాడు కొంచెం గౌరవం కావాలంటే అందులో ఏ గ్రీకు వీరుడినో, వనదేవతనో ఓ మూల దూర్చాలి. 1817లో ప్రకృతి దృశ్యానికీ ఒక ప్రభుత్వ బహుమతి పెట్టారు గానీ, అదీ 'చారిత్రక' ప్రకృతి దృశ్యానికే. ఈ గోల వద్దనుకుని ఉన్న చెట్టుని ఉన్నట్టు గీద్దామని తియొడోర్ రూసో లాంటి చిత్రకారులు బార్బిజాన్ చేరారు, కోరో కూడా ఆ అడవికి వస్తూ పోతూ ఉండేవాడు. 1841లో రంగుల ట్యూబు వచ్చింది, అంతకుముందు నూరిన రంగుల్ని పంది మూత్రాశయపు తిత్తుల్లో కట్టుకుని తిరగాల్సి వచ్చేది. 1849లో పారిస్ నుంచి ఫాంటెన్‌బ్లోకి రైలు పడింది. రైలు చిత్రకారుల్ని తెచ్చింది, ఆ వెనకే ఆదివారం పిక్నిక్ జనాన్నీ తెచ్చింది. చెట్లు కొట్టేస్తున్నారని రూసో ప్రభుత్వానికి మొర పెట్టుకున్నాడు, 1861లో చక్రవర్తి ఆదేశంతో ఆ అడవిలో వెయ్యి హెక్టార్లకి పైగా భాగాన్ని చిత్రకారుల కోసమని కాపాడారు. జాతీయ పార్కుల్లో మొదటిదని చెప్పుకునే అమెరికా ఎల్లోస్టోన్ పార్కు రావడానికి పదకొండేళ్ళ ముందు మాట ఇది.

ఈ ప్రశాంతమైన పల్లె బొమ్మలు కొనుక్కుంది ఎవరు? ఎక్కువగా పట్నం వాళ్ళే. పారిస్‌లో పాత వీధులు కూల్చి కొత్తగా వెడల్పు రోడ్లు వేస్తున్న కాలం, దుమ్ము, గోల, అద్దెలు. ఇంటికొచ్చి సోఫాలో కూర్చుంటే గోడ మీద ఒక చెరువు, రెండు చెట్లు, ఒక ఆవు ఉండాలి. అలాంటి బొమ్మల్లో మనిషి ఉంటాడు, కూరలో ఉప్పులా, చిటికెడంత. ఎర్ర టోపీ పెట్టుకున్న చిన్న బొట్టు ఒకటి, పడవలోనో దారి మీదో. అతను కూలీయే, పొద్దుట్నుంచీ తిండి తిన్నాడో లేదో కూడా తెలీదు, కానీ అంత దూరం నుంచి చూస్తే ప్రశాంతంగానే ఉంటాడు. దూరం ఆ పని చేసిపెడుతుంది.

మిలే ఆ దూరాన్నే తిరగేశాడు. నా లెక్కలో ఈ బొమ్మలో జరిగిన అసలు సంగతి ఇది. కుప్పలు, బండ్లు, పంట సంబరం, పట్నం ఆసామి డబ్బు పెట్టి కొనుక్కునే పల్లె సౌందర్యం మొత్తం తీసుకెళ్ళి వెనకాల చిన్నగా పెట్టాడు. అక్కడ చుక్కలా ఉండాల్సిన మనుషుల్ని ముందుకి తెచ్చి, పురాణ వీరులకి మాత్రమే దక్కే బరువూ ఒడ్డూ పొడుగూ ఇచ్చి, చూసేవాడి ఒళ్ళో కూర్చోబెట్టినంత దగ్గరగా నిలబెట్టాడు. వెనక సగం మాత్రం కత్తిరించి ఫ్రేము కట్టిస్తే 1857లో ఎవరూ నోరెత్తేవాళ్ళు కాదు. ముందు ఆకలి, వెనక పంట, మధ్యలో ఖాళీ నేల, దాన్ని దాటి వెళ్ళే దారి గియ్యలేదు.

ఇది నా ఊహ కాదని చెప్పడానికి ఒక మంచి రుజువుంది. సరిగ్గా రెండేళ్ళ తర్వాత, 1859 సలోన్‌లో జూల్ బ్రెతోన్ అనే చిత్రకారుడు ఇదే విషయం మీద 'పరిగె వాళ్ళని వెనక్కి పిలవడం' అనే బొమ్మ పెట్టాడు. ఉత్తర ఫ్రాన్స్‌లో ఆయన సొంతూరు కూరియేర్ పొలాలు, అదే పేదరికం, అదే చట్టం. ఎడమవైపు ఊరి కాపలావాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టి, పొద్దు గూకింది ఇక రండి అని కేకేస్తున్నాడు, పైన నెలవంక. ఆడవాళ్ళు చెప్పుల్లేని కాళ్ళతో, నిండు మోపులు తల మీద పెట్టుకుని, గుడి శిల్పాల్లా నిటారుగా నడిచి వస్తున్నారు. దాన్ని చక్రవర్తి స్వయంగా కొన్నాడు. అక్కడా పరిగే, ఇక్కడా పరిగే. బ్రెతోన్ బొమ్మలో పని అయిపోయింది, మోపు నిండింది, చట్టం చెప్పిన టైముకి అందరూ బుద్ధిగా ఇంటికి పోతున్నారు. మిలే బొమ్మలో పని అవ్వట్లేదు, ఒడిలో ఉన్నది గుప్పెడే. ఎవరూ ఇంటికి పోవట్లేదు. బ్రెతోన్‌ని తక్కువ చెయ్యట్లేదు, గొప్పగా గీశాడు, ఆ వెలుగు చూస్తే కళ్ళు తిప్పుకోలేం. కాకపోతే చూసినవాడు అక్కడి నుంచి నిశ్చింతగా కదిలిపోగలడు.

మరి మిలే ఎర్రజెండా మనిషా? కాదు. ఆయన శత్రువులూ, కొందరు అభిమానులూ అలాగే అనుకున్నారు గానీ ఆయన ఆ ముద్ర ఎప్పుడూ ఒప్పుకోలేదు. బైబిలు బాగా చదువుకున్నవాడు. పరిగె బొమ్మకి ముందు ఒక పెద్ద కోత దృశ్యాన్ని రూతు, బోయజుల కథగా మొదలుపెట్టి, 1853 సలోన్‌లో పెట్టేసరికి 'కోత కూలీల భోజనం' అని పేరు మార్చేశాడు, దానికి పతకం కూడా వచ్చింది. తర్వాత 1863లో, పార లాంటి పనిముట్టు మీద వాలి ఊపిరి తీసుకుంటున్న ఒక మనిషి బొమ్మ పెట్టినప్పుడు మళ్ళీ పెద్ద రగడ అయితే, ఒక స్నేహితుడికి ఉత్తరం రాశాడు. పల్లె అందం నాకు కనపడదని అంటున్నారు, అందాన్ని మించిందే కనపడుతుంది నాకు, గడ్డిపూల చుట్టూ వెలుగు వలయాలు కనిపిస్తాయి, దూరాన సూర్యుడు కనిపిస్తాడు, దాంతోపాటే దున్నుతూ పొగలు కక్కే గుర్రాలూ, పొద్దుటి నుంచీ రొప్పుతూ ఒక్క క్షణం నడుం ఎత్తాలని చూసే మనిషీ కనిపిస్తాడు అని దాని సారాంశం. పార్టీ మనిషి మాటల్లా లేవు అవి. పొలంలో పనిచేసి వచ్చినవాడు, చూసినవాటిలో సగం దాచమంటే దాచలేకపోతున్నాడు.

అమ్ముడవడం కూడా అంతంత మాత్రమే. 4,000 ఫ్రాంకులు అడిగితే కొనేవాడు 3,000 దగ్గర బిగుసుక్కూర్చున్నాడు, ఇంటి నిండా పిల్లలు, చేసేదేం లేక ఇచ్చేశాడు. అంత తక్కువకి పోయిందని బయటికి చెప్పుకోలేదట.

ఇక ఆ భయపెట్టిన బొమ్మ క్యాలెండర్ బొమ్మ ఎలా అయింది? మార్పు బొమ్మలో రాలేదు, చూసేవాళ్ళలో వచ్చింది. 1871లో పారిస్ కమ్యూన్, అంటే నగర కార్మికుల తిరుగుబాటు ప్రభుత్వం, లేచింది, రక్తపాతంతో ముగిసింది, ఇక నుంచి పెద్దమనుషుల నిద్ర చెడగొట్టేది ఫ్యాక్టరీ కార్మికుడే గానీ రైతు కాదు. రైతు ఇప్పుడు నిలకడకి గుర్తు, దేశానికి వెన్నెముక, మనం కూడా బాగా అరిగేదాకా వాడిన మాటే కదా. పల్లెలు ఖాళీ అవుతున్నకొద్దీ పల్లె మీద బెంగ పెరిగింది. మిలే పోయాక 1881లో వచ్చిన ఆయన జీవిత చరిత్ర, ఆయన్ని భక్తిపరుడైన రైతు చిత్రకారుడిగా ఊరూరా నిలబెట్టింది. అమెరికా ధనవంతులు ఎగబడ్డారు. అచ్చు ముద్రలు చవకయ్యాయి, పెద్ద బొమ్మ చిన్న కాగితం మీదకి కుదించుకుపోయేసరికి ఆ వీపుల బరువు కాస్తా పోయింది, బంగారు వెలుగు మాత్రం మిగిలింది. అంటే మిలే కష్టపడి దగ్గరకి తెచ్చిన మనుషుల్ని ముద్రణ మళ్ళీ దూరం పంపేసింది. క్లినిక్కు గోడ మీద నేను చూసింది ఆ కుదించిన బొమ్మనే. అసలు బొమ్మని అమ్మమ్మ కూడా చూడలేదు, కాకపోతే ఆవిడ పరిగెని చూసింది.

1889లో ఈ బొమ్మ 3,00,000 ఫ్రాంకులకి అమ్ముడుపోయింది. కొన్నావిడ పొమ్మెరీ షాంపేన్ వ్యాపారం నడిపిన మదామ్ పొమ్మెరీ, మరుసటి ఏడే దాన్ని ఫ్రాన్స్‌ దేశానికి రాసిచ్చేసింది. గిలటిన్ గుర్తొచ్చిందన్న బొమ్మ అలా పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం చేరింది, ఓర్సేకి వెళ్ళింది ఆ తర్వాతే.

అదే 1889లో మిలేదే ఇంకో బొమ్మ, పొలంలో బంగాళదుంపల బుట్ట దగ్గర ఆగి, గుడిగంట విని తలలు వంచి ప్రార్థించే మొగుడూ పెళ్ళాల బొమ్మ 'లాంజెలూస్', వేలంలో 5,53,000 ఫ్రాంకులు పలికింది. ఫ్రాన్స్‌కీ అమెరికాకీ మధ్య దేశ గౌరవం సమస్యలా పోటీ జరిగి, చివరికి అమెరికా వెళ్ళి, ఊళ్ళు తిరిగి, మళ్ళీ ఇంకా ఎక్కువ డబ్బు పోసి కొన్న ఒక ఫ్రెంచి వ్యాపారి చేతికొచ్చింది. మిలే దాన్ని అమ్ముకున్నది 1,000 ఫ్రాంకులకి. ఆ వేలం నాటికి ఆయన పోయి పద్నాలుగేళ్ళు, ఇంట్లోవాళ్ళకి అందులోంచి ఒక్క సూ (చిల్లర నాణెం) కూడా రాలేదు, రావాలని ఏ చట్టమూ లేదు. బొమ్మ చేతులు మారినప్పుడల్లా గీసినవాడికో వారసులకో కొంత దక్కాలని వాదించినవాళ్ళు ఆ తర్వాత ముప్పై ఏళ్ళు లాంజెలూస్ కథే చెప్పుకుంటూ వచ్చారు. 1920లో ఫ్రాన్స్ ఆ చట్టం చేసింది. అప్పటి లెక్క, వేలంలో పలికిన ధరని బట్టి, నూటికి ఒకటి నుంచి మూడు దాకా.